ఎనిమిదో తొట్టిలో స్పాంజి

1994 అక్టోబరు 17, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఈశాన్యాన ఆకాశం నల్లబడి ఉంది గాని వాన లేదు. గాలి అసలే లేదు. తొట్టెల హాలు గోడకున్న ఉష్ణమాపకం ఇరవై తొమ్మిది డిగ్రీలు చూపుతోంది. ఆయుధపూజ, విజయదశమి, ఆ వెంటనే శని, ఆదివారాలు కలిసి వచ్చిన నాలుగు రోజుల సెలవు ముగిసి, మా సముద్ర పరిశోధనా కేంద్రంలో ఆ ఉదయం హాలు తాళం తీసినవాణ్ణి నేను. ఒకటో తొట్టి నుంచి వరుసగా చూసుకుంటూ ఎనిమిదో తొట్టి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అందులోని స్పాంజి కొసలు బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి.

గంటతో, వాతావరణంతో మొదలుపెట్టడం ఎందుకని ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అడగవచ్చు. తేదీ లేని జ్ఞాపకాన్ని నేను నమ్మను. మా నాన్నగారు మద్రాసు వాషర్‌మెన్‌పేటలో పప్పుధాన్యాల టోకు మండీలో గుమాస్తా. ఇంట్లో ఎవరైనా ‘సుమారుగా’ అంటే, అన్నం కలుపుతున్న చేయి ఆపి, ఎంత అని అడిగేవారు. ఆయన దగ్గర పెరిగినవాడికి దొరకవలసిన ఉద్యోగమే నాకు దొరికింది. ఎనిమిది అద్దాల తొట్టెలలోని ఉప్పునీటి వేడిమిని, లవణీయతను, ఆమ్లతను, అమ్మోనియాను రోజుకు రెండుసార్లు కొలవడం నా పని. చేపలను చూడడానికి వచ్చే జనం నన్ను చూసేవారు కారు. నేనూ చేపలను పెద్దగా చూసేవాణ్ణి కాదు. వాటి నీళ్ళను చూసేవాణ్ణి.

కేంద్రం నగరానికి దక్షిణాన, షోళింగనల్లూరు వైపు, సముద్రపు ఒడ్డున ఉండేది. షోళింగనల్లూరు అంటే ఇప్పటివారికి కంప్యూటరు ఆఫీసులు, వాటి ముందు బారులు తీరిన క్యాబులు తలపుకు వస్తాయి. అప్పుడు అటువైపు సరుగుడు తోపులు, ఇసుక, ఎప్పటికో వచ్చే బస్సు. నేను రెండు బస్సులు మారి, చివర నడిచి, అందరికంటే ముందు చేరేవాణ్ణి.

స్పాంజి గురించి రెండు మాటలు చెప్పాలి. చూడడానికి మొక్కలా ఉంటుంది గాని అది జంతువు. నోరు లేదు, కళ్ళు లేవు, కదలిక లేదు. ఒళ్ళంతా సన్నని రంధ్రాలు. వాటి గుండా నీటిని లోపలికి పీల్చి, అందులోని ఆహారం తీసుకుని, పెద్ద రంధ్రాల గుండా బయటికి వదులుతుంది. బతికి ఉన్నంతకాలం చేసే పని అదొక్కటే. మా ఎనిమిదో తొట్టిలోనిది నారింజ రంగుది. జానెడుకు కాస్త తక్కువ ఎత్తున, విచ్చిన చేతివేళ్ళలా నిలబడి ఉండేది. తూత్తుకుడి దగ్గర శంఖాలు తీసే ఈతగాడొకడు జూలైలో పైకి తెచ్చాడు. జూలై 27న తొట్టిలో దించాము.

అది నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన ఒక పరిశోధక విద్యార్థినిది. ఆ జాతి స్పాంజి ఒంట్లో ఉండే ఒక పదార్థం మీద ఆ అమ్మాయి మూడేళ్ళుగా పనిచేస్తోంది. సముద్రం నుంచి తెచ్చి తొట్టిలో పెట్టాక ఆ పదార్థం తగ్గుతుందా, నిలుస్తుందా అన్నది ఆమె సిద్ధాంత గ్రంథంలో చివరి అధ్యాయం. అందుకు ముప్పయ్యో రోజున, అరవయ్యో రోజున, నూట ఇరవయ్యో రోజున అదే స్పాంజి నుంచి ముక్కలు తీసి పరీక్షించాలి. పరీక్షకు బొటనవేలంత ముక్కలు మూడు కావాలి, రెండు చాలవు. మొదటి రెండు పరీక్షలూ అయ్యాయి. మూడోది నవంబరు 24న. డిసెంబరుతో ఆమె ఉపకార వేతనం ఆగిపోతుంది. సముద్రం నుంచి జీవులను తీసేందుకు ఇచ్చిన అనుమతి గడువు అప్పటికే తీరింది. తీరకపోయినా ఈశాన్య రుతుపవనం వేళ ఏ ఈతగాడూ దిగడు. కనుక ఆ తొట్టిలో ఉన్నది పోతే, మూడేళ్ళ పనికి తోక లేకుండా ఆమె ఇంటికి వెళ్ళవలసిందే.

ఏడున్నరకు ఆమె వచ్చింది. అద్దానికి ముఖం ఆనించి చూసి, వెనక్కి తిరిగి అడిగిన మొదటి మాట, “నీళ్ళు ఎట్లా ఉన్నాయి సార్?” నేను అప్పటికే కొలిచి ఉన్నాను. వేడిమి ఇరవై ఏడు. లవణీయత వెయ్యి పాళ్ళకు ముప్పై నాలుగు. ఆమ్లత మామూలు. అమ్మోనియా జాడ కూడా లేదు. ఒక్క అంకె కూడా హద్దు దాటలేదు. ఆమె తల ఊపింది. నాకైతే కూర్చోబుద్ధి కాలేదు. అంకె తప్పి జంతువు జబ్బుపడితే దారి తెలుస్తుంది. అంకెలన్నీ సరిగ్గా ఉండి జంతువు చచ్చిపోతూ ఉంటే, పనిముట్లు అబద్ధమాడుతున్నాయా, కళ్ళు అబద్ధమాడుతున్నాయా తెలియదు. ఆ రోజు నేను రెండుసార్లు కాదు, ఆరుసార్లు కొలిచాను. ప్రతిసారీ అవే అంకెలు వచ్చాయి.

సాయంత్రానికి ఒక పని మాత్రం చేశాను. స్పాంజి ముందరి అద్దానికి దగ్గరగా ఉండేది కాబట్టి, బూడిద రంగు ఎక్కడిదాకా దిగిందో అద్దం మీద మైనపు పెన్సిలుతో గీత గీశాను. మరుసటి ఉదయం ఇంకో గీత. సాయంత్రం మరొకటి. గీతలు కిందికి దిగుతున్నాయి. బయట మేఘాలూ అంతే; రోజూ కాస్త కిందికి దిగేవి, కురిసేవి కావు. గంటకొకసారి నేను హాలు నుంచి వరండాలోకి, వరండా నుంచి హాలులోకి తిరుగుతూ ఉంటే, మా అధికారి తన గది తలుపులోంచి చూసి, బస్సేమైనా తప్పిపోతుందా అని తమిళంలో అడిగారు. నేను సంగతి చెప్పాను. ఆయన మంచివారే, కాని తొట్టెలంటే ఆయనకు చేపలు. జనం వచ్చేది చేపల కోసం, ఆ ఎర్ర కొమ్మను చూడడానికి ఎవరు టిక్కెట్టు కొంటారన్నారు.

మంగళవారం మధ్యాహ్నం ఆ అమ్మాయికి ఒక కారణం దొరికింది. తొట్టెలన్నిటికీ గాలి పంపే యంత్రం హాలు మూలన ఉండేది. దాని లోపలికి గాలి పోయేచోట పెట్టిన దూదిని ఆమె బయటికి లాగి నా బల్ల మీద పెట్టింది. దూది పసుపు పచ్చగా, అంచుల్లో నల్లగా ఉంది. సాంబ్రాణి వాసన వస్తోంది.

ఆయుధపూజ సెలవు గురువారం కాబట్టి ఆఫీసు పూజ బుధవారం, పన్నెండో తేదీనే చేశాము. మద్రాసులో పనిచేసిన వారికి ఆ పూజ గురించి చెప్పనక్కరలేదు. ఆఫీసులోని ప్రతి యంత్రాన్నీ తుడిచి, కడిగి, చందనం పూసి, కుంకుమ బొట్టు పెడతారు. టైపు మిషనుకూ, సైకిలుకూ, నా ఉష్ణమాపకానికీ బొట్టు ఉంటుంది. ఆ తర్వాత సాంబ్రాణి ధూపం, గుమ్మడికాయ, బొరుగులు, శనగలు. ఆ రోజు యంత్రాలకు విశ్రాంతి అంటారు గాని తొట్టెలకు గాలి ఆపలేము. గాలి యంత్రం తిరుగుతూ ఉండగానే దాని ముందు ధూపం వేశారు. అది కాస్తా ధూపం పీల్చుకుని ఎనిమిది తొట్టెల్లోకి బుడగలుగా పంపింది.

“పొగ నీళ్ళలోకి పోయింది సార్. ఇంకేం కావాలి?” అంది ఆమె. ఆ మాట హాలు దాటి కాంటీనుకు, కాంటీను నుంచి అధికారి గదికి చేరింది. పూజ చేసినవారు నొచ్చుకున్నారు. ఇన్నేళ్ళుగా వేస్తున్న సాంబ్రాణికి ఒక్క రొయ్య కూడా చావలేదని ఒకరు, ఇక మీదట దేవుణ్ణి కూడా దరఖాస్తు పెట్టుకుని లోపలికి రమ్మనాలేమో అని ఇంకొకరు. మా అధికారి వచ్చే ఏటి నుంచి ధూపం వరండాలోనే వేయాలని ఉత్తర్వు ఇచ్చి, సమస్య తీరిందన్నట్లు ఫైలు మూశారు.

నాకు తీరలేదు. అదే యంత్రం నుంచి అదే గాలి మిగతా ఏడు తొట్టెలకూ పోతుంది. నాలుగో తొట్టిలోని సముద్రపుష్పాలు, పువ్వుల్లా విచ్చుకునే ఆ జీవులు, స్పాంజి కంటే సుకుమారమైనవి; అవి విచ్చుకునే ఉన్నాయి. పైగా పొగ అయితే ఒళ్ళంతా పాడు కావాలి. ఇక్కడ ప్రతి వేలికీ కొసలు మాత్రమే పోయాయి; అన్నిటికంటే ఎత్తైన వేలిది మిగతావాటికంటే ముందు. పైనుంచి కిందికి వచ్చే జబ్బు ఏమిటి? ఎనిమిదో తొట్టికి జరిగి, మిగతా ఏడింటికీ జరగనిది ఏమిటి?

ఇది అడగవలసిన మనిషి ఒక్కడే. మా తొట్టెల అటెండరు తొండియార్‌పేటవాడు, నా వయసువాడు. తాత రేవులో మూటలు మోయడానికి నెల్లూరు నుంచి వచ్చాడట. మూడు తరాలుగా అక్కడే. ఆదివారం చర్చికి తెల్లచొక్కా వేసుకుని పోయేవాడు, ఆయుధపూజకు తొట్టెలు తోమడంలో ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. పని చేసే తొట్టికి పండగ ఏందన్నా, ఏ మతమైతే ఏంది, అనేవాడు. నన్ను అన్నా అంటాడు. ఆ విద్యార్థినిని పాపా అంటాడు.

బుధవారం ఉదయం అతను బక్కెట్టుతో హాలులోకి రాగానే, పూజకు ముందు ఎనిమిదో తొట్టిలో ప్రత్యేకంగా ఏమి చేశావని అడిగాను. అతని ముఖం వెలిగింది. ఎవరో ఒకరు ఎప్పుడో అడుగుతారని ఎదురుచూస్తున్నట్లున్నాడు.

“దానికే అన్నా జాస్తి పని. ఎనకాల అద్దానికి అంతా పచ్చ పాచి. తోమాలంటే ఇది అడ్డం ఉండాది. అందుకని మెల్లగా ఎత్తి, ఆడ తడిగోనె మీద పండబెట్నా. బిడ్డను ఎత్తినట్టే ఎత్తినా. ఒక ఏలు కూడా ఇరగలా.”

“ఎంతసేపు?”

“ఎంతసేపంటే ఏం చెప్పేది? అద్దం తోమి, కాఫీ తాగేసి వచ్చినా. పైన రెండు చెంబుల మంచినీళ్ళు కూడా పోసినా, ఎండిపోకూడదని.”

కాఫీ తాగినంతసేపు అన్నది కాలమానం కాదని అప్పుడు కూడా నా నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. స్పాంజిని నీటిలోంచి ఎత్తితే లోపలి దారులలోని నీరు కారిపోయి గాలి చేరుతుంది. మళ్ళీ నీటిలో పెట్టినా ఆ గాలి బయటికి రాదు. పైకి ఎగబాకి కొసలలో చిక్కుకుంటుంది. అక్కడ నీరు ఆడదు. నీరు ఆడనిచోట కండ కుళ్ళుతుంది. శంఖాలు, పీతలు, నత్తలు గోనె మీద గంట సేపు ఉన్నా బతుకుతాయి. అతను పన్నెండేళ్ళుగా వాటిని అలాగే తీసి, అలాగే పెట్టాడు. మా హాలుకు స్పాంజి రావడం అదే మొదలు. అది వచ్చిన జూలై 27న అతను సెలవులో ఉన్నాడు.

గాజు కడ్డీతో నీటిలోనే స్పాంజిని కొద్దిగా వంచాను. ఎత్తైన వేలు కొస నుంచి ఆవగింజంత బుడగలు మూడు లేచాయి. అవి వారం కిందటి గాలో, కుళ్ళిన కండలో పుట్టిన వాయువో నేను ఇప్పటికీ రుజువు చేయలేను. అతనికి మాత్రం నాకు తోచింది చెప్పాను. అతను బక్కెట్టు కింద పెట్టాడు.

ఆ అమ్మాయికి కూడా నేనే చెప్పాను. ఆమె నేరుగా అతని దగ్గరికి వెళ్ళి నిలబడింది.

“దానికి స్నానం చేయించారా?”

“మురికిగా ఉండిందని పాపా...”

“మంచినీళ్ళతోనా?”

అతను తల దించుకున్నాడు. ఆమె వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఆ తర్వాత పన్నెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఆమె హాలులోకి వస్తే అతను గోడ పట్టుకుని బయటికి పోయేవాడు. ఇద్దరి మధ్య నేను పెన్సిలుతో నిలబడి గీతలు గీస్తూ ఉండేవాణ్ణి.

గురువారం సాయంత్రం గీతలన్నిటినీ కొలిచాను. బూడిద రంగు సగటున రోజుకు ఆరు మిల్లీమీటర్లు దిగుతోంది. అంచు నుంచి మొదలు దాకా ఇంకా పదకొండు సెంటీమీటర్లు బాగుంది. అంటే నవంబరు 7 నాటికి ఏమీ మిగలదు. మూడో పరీక్ష 24న. కాగితం ఆ అమ్మాయి ముందు పెట్టి, పాడైన భాగమంతా తీసేసి, బాగున్న భాగాన్ని ముక్కలుగా కోసి, వేరువేరుగా బతికించడం తప్ప దారి లేదన్నాను. స్పాంజి ముక్క నుంచి స్పాంజి పెరుగుతుందని ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసినదాన్ని తన చేత్తో చేయడం వేరు.

“కోస్తే ఉన్నది కూడా పోతే?” అంది.

“పోవచ్చు.”

“ఎన్ని బతుకుతాయి?”

“నా దగ్గర అంకె లేదు.”

ఆమె నా వైపు వింతగా చూసింది. “అంకె లేకుండా మీరు టీ కూడా తాగరు కదా సార్.”

“కోయకపోతే ఏమవుతుందో దానికి అంకె ఉంది,” అన్నాను.

శుక్రవారమంతా ఆమె ఏమీ తేల్చలేదు. తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది, లేచింది, గ్రంథాలయానికి పోయింది, తిరిగి వచ్చింది. ఆ సాయంత్రానికి ఆరు మిల్లీమీటర్లు కాదు, ఎనిమిది దిగింది. అది చూసి, రేపు కోద్దాం అంది.

అక్టోబరు 22, శనివారం సెలవే అయినా, ఉదయం తొమ్మిదికి మొదలుపెట్టాము. ఈసారి గాలి సోకకూడదు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టెను ఎనిమిదో తొట్టిలో ముంచి, నీటి అడుగునే స్పాంజిని అందులోకి జరిపి, నీళ్ళతో సహా బల్ల మీదికి తెచ్చాము. మోయడానికి ఇద్దరం చాలము. నేను వరండాలోకి వెళ్ళి అటెండరును పిలిచాను. అతను వచ్చి బరువు పట్టి, బల్ల మీద దించి, వెంటనే పోబోయాడు. ఆమె కత్తి చేతిలోకి తీసుకుంటూ తల ఎత్తకుండానే, ఉండమనండి సార్, అని నాతో అంది. అతను ఉన్నాడు.

ఆమె నీటి అడుగున కోసింది. పెంకు బిళ్ళలను ముందే ఉప్పునీటిలో నానబెట్టి ఉంచాము. ఒక్కో ముక్కను ఒక్కో బిళ్ళకు కట్టాలి, అది దానికి అంటుకుని ఎదగాలి. నైలాను దారంతో కట్టిన మొదటి రెండు ముక్కలు నా కళ్ళ ముందే రెండుగా తెగిపోయాయి. వదులుగా కడితే జారిపోతున్నాయి. దారానికి, కండకు మధ్య మాకు కుదరడం లేదు. అటెండరు భార్య తొండియార్‌పేట మార్కెట్టులో పూలు కట్టి అమ్మేది. అతను తన సంచిలోంచి అరటినార తీశాడు. సాయంత్రం ఇంటికి తీసుకుపోవడానికి పెట్టుకున్నదట. దాన్ని తడిపి, చీల్చి, మల్లెమొగ్గను కట్టే ముడితోనే నీటి అడుగున ముక్కను బిళ్ళకు చుట్టాడు. నార ఉప్పునీటిలో వారానికి కుళ్ళిపోతుందని నేను అభ్యంతరం చెప్పాను. నిజంగానే కుళ్ళిపోయింది. బతికిన ముక్కలు అప్పటికే బిళ్ళను పట్టుకున్నాయి కాబట్టి, కట్టు తనంతట తనే ఊడడం మేలే అయింది. అది ఎవరూ ముందుగా లెక్కవేసింది కాదు.

మొత్తం పద్నాలుగు ముక్కలు కట్టాము. పన్నెండున్నరకు ఎనిమిదో తొట్టిలోకి దించాము.

ఇక నాకు ఉన్న భయం నీళ్ళది. తొట్టెలకు నీరు ఒడ్డున ఇసుకలో తవ్విన గుంట నుంచి వస్తుంది. పెద్ద వాన పడితే ఒడ్డునున్న సముద్రం పలచబడుతుంది, బురద కలుస్తుంది. కోసిన స్పాంజికి పలచని నీరు ప్రాణాంతకం. రేడియోలో వాతావరణ వార్తలు వినడం, ఈశాన్యం వైపు చూడడం, గుంట నీటి లవణీయత కొలవడం, ఇదే పని అయింది నాకు. అక్టోబరు 28, శుక్రవారం, నీరు ఇంకా ముప్పై నాలుగు చూపుతూ ఉండగా, భూమిలోని నిలవ తొట్టిని అంచుదాకా నింపించి, గుంట నుంచి వచ్చే గొట్టం మూయించాను. ఎండ కాస్తుండగా గొట్టం మూసినందుకు మా అధికారి నవ్వారు.

సోమవారం, 31న, తుఫాను వచ్చింది. వాషర్‌మెన్‌పేట నుంచి నేను ఎలా చేరానో చెప్పను. బస్సు సగం దారిలో దించేసింది, మిగతాది నడక. ఏడుంబావుకు హాలులో అడుగు పెట్టాను. కరెంటు లేదు. జనరేటరు షెడ్డులోకి నీళ్ళు వచ్చాయి. గాలి యంత్రం ఆగిపోతే వినిపించే నిశ్శబ్దం చాలా పెద్దది. ఆ చీకటి హాలులో ఎనిమిదో తొట్టి ముందు స్టూలు వేసుకుని అటెండరు కూర్చుని ఉన్నాడు, కుడిచేయి భుజం దాకా నీళ్ళలో. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. ఎవరూ ఉండమనలేదు.

అతని చేతిలో కాంటీను అల్యూమినియం పళ్ళెం ఉంది. దాన్ని నీటి అడుగున విసనకర్రలా అటూ ఇటూ ఆడిస్తున్నాడు. మిగతా తొట్టెలలో చెంబుతో నీళ్ళు ఎత్తి పోస్తే సరిపోతుంది, బుడగలు వస్తే చేపలకు మంచిదే. ఇక్కడ గాలి గొట్టం కూడా ముక్కలకు దూరంగా మూలన ఉండేది; వాటి దగ్గరికి ఒక్క బుడగ రాకూడదు, అయినా నీరు ఆడుతూ ఉండాలి. పళ్ళెం పైకి తేలితే గాలి కొడుతుంది. అందుకని చేయి పైకి తీయడం లేదు. నిమిషానికి పన్నెండు సార్లు చాలునని నేను లెక్క చెప్పాను. సరేనని, తన లెక్కలోనే తిప్పాడు.

ఎనిమిదిన్నరకు ఆ అమ్మాయి హాస్టలు నుంచి తడిసి ముద్దయి వచ్చింది. ముగ్గురం వంతులు వేసుకున్నాము. అతను తన వంతు అయినా లేవడు. పెంకులు ఎగిరిపోతున్న చప్పుడు, తలుపులు కొట్టుకునే చప్పుడు. పదకొండు గంటల ప్రాంతంలో, నీళ్ళలోంచి కళ్ళు తిప్పకుండా అతను అడిగాడు.

“అన్నా, నువ్వు లెక్క తప్పి మాట్లాడవు. నేను ఎత్తినందుకే ఇది ఇట్ల అయిందని, పదికి ఎంత చెప్తావు?”

ఆమె వింటోంది. నాకు కాస్త తగ్గించి చెప్పాలనిపించింది. తగ్గించడం నాకు చేతకాదు.

“తొమ్మిది.”

“ఆ ఒకటి?”

“పొగ కావచ్చు.”

అతను కాసేపు పళ్ళెం ఆడించాడు. “ఆ ఒకటి కూడా నా మీదనే ఏసుకో. సాంబ్రాణి ఇసిరింది కూడా నేనే.”

ముందు నవ్వింది ఆమె. ఆ తర్వాత మేమిద్దరం. తుఫానులో, చీకట్లో, భుజాల దాకా ఉప్పునీళ్ళలో ఉండి నవ్వడం అదే మొదలు, అదే చివర. నవ్వు ఆగాక ఆమె స్టూలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అతని చేతిలోంచి పళ్ళెం నీటి అడుగునే అందుకుంది.

“అది వచ్చిన రోజు మీరు సెలవులో ఉన్నారు. దాన్ని నీళ్ళలోంచి ఎత్తకూడదని తర్వాత నేను మీకు చెప్పలేదు. సార్ చెప్పి ఉంటారులే అనుకున్నాను,” అంది.

నేను ఆమె చెప్పి ఉంటుందనుకున్నాను. ఆ మాట అప్పుడే అన్నాను.

“సరి, పోనీ,” అన్నాడు అతను. “పళ్ళెం వంచొద్దు పాపా. నిలువుగా పట్టు.”

సాయంత్రం నాలుగు గంటల యాభై నిమిషాలకు కరెంటు వచ్చింది. మరునాడు ఒడ్డున గుంట నీరు కొలిస్తే లవణీయత ఇరవై రెండు. నిలవ తొట్టిలోనిది ముప్పై నాలుగు. మూడు వారాలు ఆ నీటితోనే నడిపాము. ఉద్యోగమంతటిలో నా అంకె ఒకటి సమయానికి ముందే పనికి వచ్చిన సందర్భం అది. మా అధికారి దాని గురించి మళ్ళీ ఎత్తలేదు.

ముక్కలు మాత్రం నా లెక్కలకు లొంగలేదు. తుఫానును తట్టుకున్నది ఎండ కాసిన రోజున తెల్లబడేది. బాగా కట్టిందనుకున్నది జారిపోయేది. పోయిన ప్రతి ముక్కనూ అదే రోజు తీసేయాలి, లేకపోతే పక్కదాన్ని పాడుచేస్తుంది. తీసే పని అటెండరుది. నిండా నీళ్ళు పోసి మూత పెట్టిన సీసాను నీటి అడుగున తెరిచి, దానిలోకి జరిపి, అక్కడే మూసి బయటికి తెచ్చేవాడు. నవంబరు పదికి ఎనిమిది మిగిలాయి. ఇరవైకి ఐదు. ఇరవై మూడో తేదీ ఉదయం నేను తాళం తీసేసరికి ఇంకొకటి బూడిద రంగుకు తిరిగింది. నాలుగు. మూడు కావాలి. ఆ పగలంతా ముగ్గురం ఆ నాలుగింటి ముందు నుంచి కదలలేకపోయాము. అలా కాపలా కాయడం వల్ల ఏ స్పాంజికీ మేలు జరగదని నాకు తెలుసు, అయినా నేను కూడా భోజనానికి లేవలేదు.

24వ తేదీ, గురువారం, ఉదయం ఎనిమిది గంటలకు నాలుగూ నారింజ రంగులో ఉన్నాయి. ఆమె మూడింటిని తీసుకుంది. ఏ మూడు అని అటెండరును అడిగింది. అతను చూపించాడు. మార్చిలో ఆమె గ్రంథం సమర్పించి, మా ఊరు విడిచి వెళ్ళింది. వెళ్ళే ముందు అతని భార్య దగ్గర మల్లెపూలు కొనడానికి తొండియార్‌పేట దాకా పోయిందని, ఆ తర్వాత చాలాకాలానికి అతనే చెప్పాడు.

మరుసటి ఏడు ఆయుధపూజకు ధూపం వరండాలో వేశారు. హాలులో అన్ని తొట్టెలూ తోమారు. ఎనిమిదో తొట్టికి బొట్టు అద్దం బయటే పెట్టి, వెనక అద్దానికి పాచి ఉన్నా ఉండనిమ్మని, ఆ రోజంతా అటెండరు దాని ముందే నిలబడ్డాడు. ఆ తర్వాత నేను అక్కడ పనిచేసినంతకాలం ఆ పాచి అలాగే ఉంది.

లెక్క ఇది. కట్టినవి పద్నాలుగు. పోయినవి పది. పరీక్షకు వెళ్ళినవి మూడు. ఎనిమిదో తొట్టిలో మిగిలింది ఒకటి.